వంశధార ఒడ్డున రోమ్ జాడ!

అరచేతిలో ఇమిడిపోయే కుండపెంకు. బూడిద కలిసిన నలుపు. వేలితో రాస్తే నున్నగా జారుతుంది. లోపలివైపు తిప్పి చూస్తే గోటిగాట్లలాంటి సన్నని గీతలు... వలయాలు వలయాలుగా, ఒకదాని పక్కన ఒకటి. శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండమీద తవ్వకాల్లో ఇలాంటి పెంకులు బయటపడ్డాయి. వాటిని చూపించి చాలాకాలంపాటు చెప్పిన కథ ఒక్కటే. రెండువేల ఏళ్ల కిందట రోమన్ సామ్రాజ్యం నుంచి ఓడెక్కి, సముద్రాలు దాటి, కళింగ తీరంలో దిగిన పళ్లేల తాలూకు ముక్కలివి అని!

వినడానికి ఎంత బాగుంటుందో! వంశధార నీళ్లు తాగే ఊరికీ, సీజర్లు ఏలిన నగరానికీ మధ్య ఒక పళ్లెం చుట్టరికం. కానీ ఆ పళ్లెం అసలు చరిత్ర వేరే ఉంది. అది తెలియాలంటే ముందు కొండెక్కాలి.

ధాన్యం బజారా... ఎముకల పెట్టా?

అరసవల్లి సూర్యనారాయణుణ్ని చూసి, శ్రీకూర్మంలో దండం పెట్టుకుని వెనక్కి మళ్లేవాళ్లే ఎక్కువ. ఇంకాస్త ముందుకెళితే శాలిహుండం. శ్రీకాకుళానికి 18 కిలోమీటర్లు, కళింగపట్నం సముద్రతీరానికి అయిదే కిలోమీటర్లు. గార మండలంలో, వంశధార దక్షిణపు గట్టున ఉందీ కొండ. పైకెక్కుతుంటే ఒక్కో మలుపులో ఒక్కో స్తూపం, ఇటుకల విహారాలు, చైత్యాలు కనిపిస్తాయి. పైకెళ్లాక కింద నది వంపు తిరుగుతూ సముద్రంలోకి వెళ్లే దారంతా కళ్లముందుంటుంది. ఓడ నదీముఖంలోకి వచ్చిందంటే బిక్షువులకు ముందే తెలిసిపోయేదన్నమాట.

ఊరి పేరు మీద రెండు కథలున్నాయి. శాలివాటిక, అంటే వరిధాన్యపు బజారు అని కొందరంటారు. కాదు, శల్యపేటిక, అంటే ధాతువులు దాచిన ఎముకల పెట్టె అని మరికొందరు. రెండూ నప్పేవే. ఇక్కడి స్తూపాల్లో ధాతుపేటికలు దొరికాయి. ఇక ధాన్యం సంగతి చుట్టూ ఉన్న పొలాలను చూస్తే చాలు.

ఈ కొండను లోకానికి చూపించిన మనిషి పేరు వింటే తెలుగు చదువుకున్నవాళ్లు ఆశ్చర్యపోతారు. గిడుగు వెంకట రామమూర్తి! వాడుకభాష కోసం పండితులతో తలపడిన గిడుగు, సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు... ఆయనే. శాలిహుండం బౌద్ధశిథిలాలు ఆయన వల్ల వెలుగులోకి వచ్చింది 1919లో. వ్యావహారికం కోసం 'తెలుగు' పత్రిక పెట్టిందీ ఆ ఏడాదే. ముఖలింగం గుడిగోడల మీది శాసనాలను ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకున్న మనిషికి, కొండమీద చెల్లాచెదురుగా పడి ఉన్న ఇటుకలు ఊరికే ఇటుకల్లా కనిపించలేదు మరి.

ఆ తర్వాత పురావస్తుశాఖ రంగంలోకి దిగింది. 1940ల్లో టి.ఎన్. రామచంద్రన్, 1950ల్లో ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు సాగించారు. హీనయానం, మహాయానం, వజ్రయానం... బౌద్ధంలోని మూడు దశల ఆనవాళ్లూ ఒకే కొండమీద దొరికాయి. తార, మారీచి విగ్రహాలను ఇక్కడి మ్యూజియంలో చూడొచ్చు. పిల్లలు వాటి దగ్గర ఆగుతారు. పెంకుల దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. 'కుండపెంకులేగా' అని దాటిపోతారు. ఇంతకీ ఎక్కువ మాట్లాడేవి అవే!

చక్రవర్తి గోల

పెంకుల మాటకొచ్చేముందు రోమ్ వాళ్ల గోల కాస్త వినాలి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లీనీ అనే రోమన్ పెద్దమనిషి లెక్కలు కట్టి లబలబలాడాడు. భారతదేశానికే ఏటా 5 కోట్ల సెస్టర్సులు వెళ్లిపోతున్నాయనీ, చైనా, అరేబియాలను కూడా కలిపితే అది 10 కోట్లనీ రాశాడు. సెస్టర్సు వాళ్ల నాణెం. మిరియాలు, ముత్యాలు, సన్నబట్టలు, దంతం కోసం పోసిన డబ్బది. అంతకుముందే టైబీరియస్ చక్రవర్తి కూడా, ఆడవాళ్ల రత్నాల మోజుకు మన సొమ్మంతా పరాయిదేశాల పాలవుతోందని సెనేట్‌కు ఉత్తరం రాసి వాపోయాడు. అప్పటికీ ఇప్పటికీ ఇంటి బడ్జెట్ తగాదాలు మారలేదు!

ప్లీనీ మన వాళ్ల పేరు కూడా ఎత్తాడు. సముద్రానికి దగ్గరగా కళింగులు ఉంటారన్నాడు. కళింగ అనే భూశిరం, దండగూడ అనే పట్టణం ఉన్నాయనీ, గంగాముఖం నుంచి అక్కడికి 625 రోమన్ మైళ్లనీ లెక్క చెప్పాడు. ఆ దండగూడ ఏది? బుద్ధుని దంతధాతువును పూజించిన కళింగ రాజధాని దంతపురమేనని కొందరు చరిత్రకారుల మాట. సరుబుజ్జిలి మండలంలో 'దంతవక్త్రుని కోట' అని ఊరివాళ్లు పిలిచే మట్టికోట ఉంది చూడండి... దంతపురమంటే అదేనని శ్రీకాకుళం వాళ్ల నమ్మకం. ఒడిశాలోని పాలూరు అని ఫ్రెంచి పండితుడు సిల్వేన్ లెవీ వాదించాడు. 'పల్లు' అన్నా దంతమే కదా అని ఆయన లాజిక్. పూరీ అనీ, రాజమండ్రి అనీ అన్నవాళ్లూ లేకపోలేదు. కోట మాత్రం సరుబుజ్జిలిలోనే ఉంది. అక్కడి తవ్వకాల్లో కూడా శాలిహుండంలో దొరికినలాంటి గీతల పెంకులే కనిపించాయి.

అదే కాలపు గ్రీకు నావికుడి చేతిరాతపుస్తకం ఒకటుంది. 'పెరిప్లస్' అంటారు. అందులో మసాలియా, అంటే మన మచిలీపట్నం వైపు తీరం, సన్నబట్టకు పేరుమోసిందని ఉంది. ఒడిశా తీరంలో దంతం దొరుకుతుందనీ ఉంది. తూర్పుకు, బంగారు ద్వీపాలకు వెళ్లే పెద్ద పెద్ద స్థానిక నౌకల ప్రస్తావన కూడా ఉంది. ఇక్కడొక సంగతి గమనించాలి. రోమన్ ఓడలు ఎక్కువగా ఆగింది పడమటి తీరంలో. తూర్పుతీరం పొడవునా సరుకు మోసింది మన నావికులే. కాబట్టి ఇటలీ వస్తువు ఏదైనా వంశధార దాకా వచ్చిందంటే, ఆఖరి అంచె అయినా మనవాళ్ల ఓడలోనే వచ్చి ఉండాలి.

అల్మరాలో దొరికిన పట్నం

1944లో మార్టిమర్ వీలర్ అనే ఇంగ్లిషు పురావస్తువేత్త మద్రాసు మ్యూజియానికి వచ్చాడు. ఒక అల్మరాలో చెయ్యిపెట్టి వెతుకుతుంటే పొడవాటి మెడ, పిడి ఉన్న కూజా ముక్క తగిలింది. చూడగానే గుర్తుపట్టాడు. మధ్యధరా తీరంలో ద్రాక్షసారా నింపే ఆంఫొరా! ఎక్కడిదని అడిగితే పుదుచ్చేరి పక్కనున్న అరికమేడుదని చెప్పారు. మర్నాటికల్లా ఆయన అక్కడికి ప్రయాణం కట్టాడు. 1945లో తవ్వితే ఇటలీలోని అరెజ్జోలో కాల్చిన ఎర్రటి పాత్రలు, వాటిమీద కుమ్మరుల ముద్రలతో సహా బయటపడ్డాయి.

అరికమేడును అంతకుముందే 1937లో ఫ్రెంచి పండితుడు జూవో-దుబ్రేయ్ పట్టించుకున్నాడు. అక్కడి పిల్లలు ఏరుకున్న పూసలు, రాళ్లు కొనుక్కునేవాడు. వాటిలో ఒక రాతిమీద మనిషి ముఖం చెక్కి ఉంది. అగస్టస్ సీజర్ ముఖమని ఆయన గుర్తించాడు.

ఈ రెండు కథల్లోనూ అసలు కీలకం ఒక్కటే... 'ఇది ఎక్కడిది?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లుండటం. అల్మరాలోని కూజాముక్క ఊరు పేరు ఎవరికీ గుర్తులేకపోయి ఉంటే వీలర్ దాన్ని తిరిగి అల్మరాలోనే పెట్టేవాడు!

పళ్లెం గుట్టు రట్టయింది

అరికమేడులో అరెజ్జో పాత్రలతోపాటే వీలర్‌కు గీతల పళ్లేలు కూడా దండిగా దొరికాయి. రౌలెటెడ్ వేర్ అంటారు వీటిని. తిరిగే సారె మీద ఆరీ ఆరని పళ్లేనికి పళ్లచక్రం ఆనించో, పలచటి రేకు అదిరేలా ఆనించో ఈ గాట్లు వేస్తారు. అంతకుముందు మన కుమ్మరులకు ఈ పనితనం అలవాటు లేదు, మధ్యధరా దేశాల్లో ఉంది. కాబట్టి ఇది రోమ్ నుంచి వచ్చిందేనని వీలర్ తేల్చాడు. ఆ మాట పుస్తకాలకెక్కింది. ఆ తర్వాత తూర్పుతీరంలో ఎక్కడ గీతల పెంకు దొరికినా 'ఇదిగో రోమన్ వర్తకం' అన్నారు. శాలిహుండానికీ ఆ ముద్రే పడింది.

మెల్లగా అనుమానాలు మొదలయ్యాయి. ఇటలీలో వెతికితే అచ్చం ఇలాంటి పళ్లెం దొరకదే! పైగా శ్రీలంకలోని అనురాధపురంలో కావలసినన్ని. ఇండోనేషియాలో బాలి ద్వీపంలోనూ ఉన్నాయి. అరికమేడు పొరలను మళ్లీ పరిశీలించిన విమలా బెగ్లీ, రోమన్ ఓడలు జోరందుకోకముందే ఈ పళ్లేలు వాడుకలో ఉన్నాయని 1980ల్లో చెప్పారు. ఆఖరికి మట్టినే అడిగారు. వి.డి. గోగ్తే పెంకుల్లోని ఖనిజాలను ఎక్స్‌రే పద్ధతిలో పరీక్షించి 1997లో ఫలితం ప్రకటించారు. అవి పశ్చిమబెంగాల్‌లోని చంద్రకేతుగఢ్-తామ్లుక్ ప్రాంతపు మట్టితో సరిపోయాయి. ఫలానా ఊళ్లోనే చేశారా అన్నదాని మీద ఇంకా చర్చలున్నాయిగానీ, పళ్లెం మన దేశపు సారె మీద తిరిగిందేనన్న మాట మీద ఇప్పుడు పెద్దగా పేచీ లేదు.

అంటే శాలిహుండం కథ చిన్నబోయిందా? తిరగేసి చూడండి. ఎక్కడో రోమ్ సరుకు వచ్చి చేరిన ఆఖరి మెట్టు కాదిది. బెంగాల్ నుంచి శ్రీలంక దాకా, అటు బాలి దాకా మనవాళ్లే నడిపిన సముద్రపు బజారులో ఒక మజిలీ. ఇలా చూస్తే కళింగ తీరం మరింత ఘనంగా కనిపిస్తుంది. అయినా 'రోమన్' అన్న మాట మోజు తీరదు. శాలిహుండం గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ కొందరు ఆ పాత కథనే చెబుతారు.

అలాగని రోమ్ జాడ ఉత్తరాంధ్రలో లేనేలేదని కాదు. దక్షిణంగా భీమునిపట్నం దారిలో ఉన్న తొట్లకొండ మీద 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. విజయనగరం పక్కన రామతీర్థంలో రాముడి గుడికి వచ్చేవాళ్లు తలెత్తి చూస్తే కనిపించే గురుభక్తులకొండ మీదా బౌద్ధవిహారాలే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపాడు. తీరం వెంట, కొండకో విహారం. వర్తకులు దిగేదీ, దానాలిచ్చేదీ అక్కడే.

సీజర్ కాసుల పేరు

పెంకులు సరే, మరి నగలు? మన నేలమీద రోమ్ నగ అంటే ముందు చెప్పుకోవలసింది నాణెమే. రోమన్ బంగారు నాణేలకు కొక్కేలు అతికి, చిల్లులు పొడిచి మెళ్లో వేసుకున్నారు మనవాళ్లు. కాసులపేరు మీద లక్ష్మీదేవి ఉండే చోట టైబీరియస్ మొహం అన్నమాట! పల్నాడులోని వినుకొండలో 1889లో టైబీరియస్ నుంచి కారకల్లా వరకు పలువురు చక్రవర్తుల పేరిట వేసిన 15 బంగారు నాణేలు దొరికాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన వెండి నాణేలైతే 1531. దక్షిణాదిలో దొరికిన చాలా నాణేల మీద చక్రవర్తి ముఖం మీదుగా ఉలిగాటు ఉంటుంది. లోపల నిజంగా వెండేనా అని పరీక్షించిన గాటని కొందరు, పరాయి రాజు అధికారం ఇక్కడ చెల్లదని చెప్పే గాటని కొందరు అంటారు.

బంగారం కొనలేనివాళ్లేం చేశారు? దానికీ దారి దొరికింది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో రోమన్ నాణెం అచ్చుతో చేసిన మట్టిబిళ్లలు బయటపడ్డాయి. తాడు గుచ్చుకోవడానికి వీలుగా చేసినవి. రెండువేల ఏళ్ల కిందటి ఇమిటేషన్ జ్యూయలరీ! వన్‌గ్రామ్ గోల్డ్ మన కాలపు తెలివనుకుంటాం గానీ...

మాటలో కూడా రోమ్ మిగిలింది. వాళ్ల వెండి నాణెం 'డినారియస్' మన దగ్గర దీనారమైంది. నాగార్జునకొండ శాసనాల్లో దీనారి మాషకాలు దానమిచ్చినట్టు ఉంది. వెయ్యేళ్లు దాటాక శ్రీనాథుడి కాలానికి కూడా ఆ మాట బతికే ఉంది.

దొరికితే ఎవరిది?

యూరప్‌లో రోమన్ ఉంగరాలు, పిన్నీసుల్లాంటి బ్రోచ్‌లు, తాళంచెవులు, దీపపు ప్రమిదలు సేకరించడం పెద్ద హాబీ. మెటల్ డిటెక్టర్లు పట్టుకుని సెలవురోజుల్లో పొలాల వెంట తిరుగుతారు. బ్రిటన్‌లో 1997లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. పాత వస్తువు దొరికినవాళ్లు దాన్ని తెచ్చి చూపిస్తే, ఏ పొలంలో, ఏ మూల దొరికిందో రాసుకుంటారు. చాలా వస్తువులను వాళ్లకే తిరిగిచ్చేస్తారు. అలా నమోదైనవి ఇప్పటికి 10 లక్షలు దాటాయి. వస్తువు ఎవరి బీరువాలో ఉన్నా చిరునామా మాత్రం జాతిదగ్గర ఉంటుంది.

మన దగ్గర దీనికి పాత చట్టమే ఉంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. భూమిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. చాలామందికి భయం ఇక్కడే. 'చెబితే గవర్నమెంటు పట్టుకుపోతుంది, పైగా పోలీసులు తిప్పుతారు' అని. చట్టంలో ఉన్నది వేరు. విచారణలో ఇంకెవరి హక్కూ తేలకపోతే, వేరే ఒప్పందమేదీ లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవాళ్లకి, మిగతా ఒక వంతు భూమి యజమానికి. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువ, దానిమీద అయిదో వంతు అదనంగా కట్టివ్వాలి. చెప్పకుండా దాచేస్తే మాత్రం ఆ వాటా పోవడమే కాదు, శిక్ష కూడా. ఇక 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించడం సాధారణ పౌరులకు కుదరదు. అమ్మే వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి.

భయపడి ఆ నాణేన్ని రాత్రికి రాత్రి కంసాలి కొట్టుకు తీసుకెళ్తే? మూసలో పడ్డాక టైబీరియస్ అయినా, నిన్నటి బిస్కెట్టయినా ఒకటే. తులం లెక్క. అలా ఎన్ని కరిగాయో లెక్క చెప్పగలిగేవాళ్లు లేరు.

పెంకుది ఇంకో రకం కష్టం. దానికి ధరే లేదు కాబట్టి ఎవరూ దొంగతనం అనుకోరు. వాన వెలిశాక పాతకోటల దగ్గర మట్టి కొట్టుకుపోయి పెంకులు తేలతాయి. విహారయాత్రకు వచ్చిన పిల్లాడు ఒకటి జేబులో వేసుకుంటాడు. "అమ్మా, ఇది రోమన్‌దా?" అంటాడు. అమ్మకు తెలీదు, కానీ "అవునేమో నాన్నా, దాచుకో" అంటుంది. షోకేసులో టెడ్డీబేర్ పక్కన రెండేళ్లుంటుంది. ఇల్లు మారినప్పుడు చెత్తబుట్టలోకి.

పోయింది పెంకు మాత్రమే కాదు. తవ్వకాల్లో ఒక గోడ వయసు తేల్చేది అదే పొరలో దొరికిన ఇలాంటి పెంకే. నాణెం లేనిచోట, శాసనం లేనిచోట గీతల పళ్లెం ముక్క దొరికిందంటే, ఈ నేల క్రీస్తుకు అటూఇటూగా మనుషులు తిరిగిన నేల అని చెప్పొచ్చు. దాన్ని చోటు నుంచి కదిపితే ఆ సాక్ష్యం చెల్లదు. గోగ్తే దగ్గరికి వెళ్లిన పెంకులకు ఊరు పేర్లున్నాయి కాబట్టే, వీలర్ లాంటివాడు చెప్పిన మాటనైనా యాభై ఏళ్ల తర్వాత సరిదిద్దగలిగారు.

కళింగపట్నంలో సాయంత్రం

శాలిహుండం దిగాక అయిదు కిలోమీటర్లు వెళ్తే వంశధార సముద్రంలో కలుస్తుంది. కళింగపట్నం. బ్రిటిషు వాళ్ల రోజుల్లో కూడా ఇక్కడి రేవుకు ఓడలు వచ్చేవి. ఇప్పుడు రావు. లైట్‌హౌస్ ఉంది, ఇసుక మీద మరపడవలు, ఆరబెట్టిన వలలు ఉన్నాయి. ఆదివారాలు పిల్లాపాపలతో వచ్చేవాళ్లకు మొక్కజొన్నపొత్తులు, ఐస్‌క్రీములు.

కొండ, మ్యూజియం రెండూ నింపాదిగా చూడాలంటే పొద్దున్నే శ్రీకాకుళంలో బయల్దేరడం మేలు. పైన నీడ తక్కువ, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. మ్యూజియంలో విగ్రహాలు చూసేటప్పుడు పక్కనే ఉన్న పెంకుల దగ్గర కూడా రెండు నిమిషాలు ఆగండి. వర్షాలు తగ్గాక, అక్టోబరు దాటి వెళితే వంశధార నిండుగా ఉంటుంది. పడమటి ఎండలో కొండమీంచి చూస్తే, తీరం వెంట ఉత్తరంగా పోయే పడవలు బెంగాల్ వైపూ, దక్షిణంగా పోయేవి సింహళం వైపూ వెళ్తున్నట్టే ఉంటుంది.